ఫార్వర్డ్ కొట్టే ముందు: ఇజ్రాయెల్ బాయ్‌కాట్ లిస్టును ఎలా చదవాలి, ఎలా తేల్చుకోవాలి

పోయిన రంజాన్‌లో లండన్ నుంచి మా తమ్ముడు వీడియో కాల్ చేశాడు. ఈస్ట్ హామ్‌లో ఏదో సూపర్ మార్కెట్‌లో ఉన్నాడు. వాడి రూమ్మేట్‌ది పాతబస్తీ. ఆ సాయంత్రం ఇఫ్తార్‌కి పిలిచాడట. ఉత్త చేతులతో ఏం వెళ్తామని ఖర్జూరం పెట్టె ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. "అక్కా, వాడు ఇజ్రాయెల్ సరుకు ముట్టడు. దీని మీద జోర్డాన్ అని ఉంది, పర్లేదు కదా?" అంటూ పెట్టెను కెమెరా ముందు పెట్టాడు. పైన పెద్దక్షరాల్లో 'జోర్డాన్ రివర్'. వెనక్కి తిప్పమన్నాను. పోషకాల పట్టిక కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది: ప్రొడక్ట్ ఆఫ్ ఇజ్రాయెల్.

అందులో మోసమేమీ లేదు. జోర్డాన్ నదికి అటు ఒక దేశం, ఇటు ఒక గొడవ. 'జోర్డాన్ రివర్', 'కింగ్ సాలమన్' రెండూ హదిక్లయిమ్ అనే ఇజ్రాయెలీ ఖర్జూర రైతుల సహకార సంఘం బ్రాండ్లు. మా వాడు అట్ట మీద పేరు చదివాడు, లేబుల్ చదవలేదు, అంతే.

మీ ఫోన్లోకి వచ్చే లిస్టుల సంగతీ ఇదే. ఒక్క ఫోటోలో అరవై డెబ్బై లోగోలు, పైన ఎర్రటి గీత, కింద 'అందరికీ పంపండి'. అందులో కొన్ని నిజం, కొన్ని పాతబడ్డ నిజం, కొన్ని ఎవరో ఊహించి పెట్టినవి. కొనాలా మానాలా అన్నది మీ మనస్సాక్షికి సంబంధించిన విషయం, అందులో నేను వేలు పెట్టను. ఏదైనా ఒక నిర్ణయానికి వచ్చే ముందు ఏమేం చూసుకోవాలో మాత్రం ఒక్కో అడుగుగా చెబుతాను. బాయ్‌కాట్ వద్దనుకునే వాళ్లకీ ఇది పనికొస్తుంది. ఎదుటివాళ్లతో వాదించాలన్నా విషయం తెలియాలి కదా.

1. మీ అభ్యంతరం ఏమిటో ఒక్క వాక్యంలో రాసుకోండి

అన్నిటికంటే ముఖ్యమైన అడుగు ఇదే. చాలామంది దాటేసేదీ ఇదే. "గాజాలో జరుగుతున్నది చూడలేకపోతున్నా" అన్నది బాధ. బాధను బట్టి ఏ సబ్బు కొనాలో తెలియదు. దాన్ని ఒక అభ్యంతరంగా మార్చుకోవాలి.

మ్యాపు కాస్త తెలిస్తే పని తేలిక. ఇజ్రాయెల్‌కూ పొరుగు అరబ్ దేశాలకూ మధ్య 1949 నాటి కాల్పుల విరమణ రేఖను గ్రీన్ లైన్ అంటారు. 1967 యుద్ధంలో ఇజ్రాయెల్ ఆ రేఖ దాటి వెస్ట్ బ్యాంక్, తూర్పు జెరూసలేం, గాజా, సిరియాకు చెందిన గోలన్ హైట్స్ ఆక్రమించింది. అలా ఆక్రమించిన భూమిలో ఇజ్రాయెలీల కోసం కట్టిన కాలనీలే సెటిల్‌మెంట్లు. గాజా నుంచి 2005లో వాటిని తీసేసింది. వెస్ట్ బ్యాంక్‌లో, తూర్పు జెరూసలేంలో ఇప్పుడు ఏడు లక్షల దాకా ఇజ్రాయెలీలు సెటిల్‌మెంట్లలో ఉంటున్నారు. ఇవి చట్టబద్ధం కావని 2016 డిసెంబరులో భద్రతా మండలి 2334వ తీర్మానం చెప్పింది. అక్కడ ఇజ్రాయెల్ ఉనికే చట్టవిరుద్ధమని 2024 జులై 19న అంతర్జాతీయ న్యాయస్థానం సలహాపూర్వక అభిప్రాయం ఇచ్చింది. ఇజ్రాయెల్ దీన్ని ఒప్పుకోదు. అది ఆక్రమిత భూమి కాదనీ, వివాదంలో ఉన్న భూమి అనీ, చర్చల్లోనే తేలాలనీ దాని వాదన.

ఇప్పుడు మీ వాక్యం వీటిలో దేనికి దగ్గరగా ఉందో చూడండి.

సెటిల్‌మెంట్లలో తయారయ్యేవి, వాటి వల్ల లాభపడేవి మాత్రమే వద్దు అనుకోవచ్చు. ఇజ్రాయెల్‌తో పేచీ లేదు, ఆక్రమణతోనే పేచీ అనేవాళ్ల దారి ఇది. ఇజ్రాయెలీల్లోనూ ఈ మాట అనేవాళ్లు ఉన్నారు. పాలస్తీనా అధ్యక్షుడు మహమూద్ అబ్బాస్ కూడా 2013 డిసెంబరులో దక్షిణాఫ్రికాలో ఇదే అన్నారు: సెటిల్‌మెంట్ సరుకును బహిష్కరించమంటాం, ఇజ్రాయెల్‌ను బహిష్కరించమని అడగం.

సైన్యానికి, జైళ్లకు, పాలస్తీనీయుల ఇళ్ల కూల్చివేతలకు నేరుగా పనికొచ్చే కంపెనీలు వద్దు అనుకోవచ్చు. ఇజ్రాయెల్ కంపెనీ అయినా, అమెరికా కంపెనీ అయినా.

లేదా మొత్తంగా ఇజ్రాయెల్ సరుకే వద్దు అనుకోవచ్చు. బీడీఎస్ అనే ఉద్యమం వైఖరి ఇది. బాయ్‌కాట్, పెట్టుబడుల ఉపసంహరణ, ఆంక్షలు అనే మూడు మాటల ఇంగ్లీషు పొడి అక్షరాలే ఈ పేరు. 2005 జులై 9న 170కి పైగా పాలస్తీనా ప్రజా సంఘాలు దీనికి పిలుపునిచ్చాయి. మూడు డిమాండ్లు: 1967లో ఆక్రమించిన భూములు వదలాలి, వెస్ట్ బ్యాంక్‌లో కట్టిన గోడ తీసేయాలి. ఇజ్రాయెల్‌లోని అరబ్ పౌరులకు పూర్తి సమానత్వం ఉండాలి. 1948 నాటి శరణార్థులు, వాళ్ల సంతతి తిరిగి వచ్చే హక్కును గుర్తించాలి.

పెద్ద గొడవంతా ఆ మూడో డిమాండ్ దగ్గర. శరణార్థులంతా తిరిగి వస్తే ఇజ్రాయెల్‌లో యూదులు మెజారిటీగా మిగలరు. అంటే యూదుల దేశం అనేదే ఉండదని, బీడీఎస్ అసలు లక్ష్యం అదేనని ఇజ్రాయెల్ ప్రభుత్వం, ఎన్నో యూదు సంస్థలు అంటాయి, దాన్ని యూదు వ్యతిరేకత అనే పిలుస్తాయి. 1933 ఏప్రిల్ 1న జర్మనీలో నాజీలు యూదుల దుకాణాల ముందు నిలబడి బహిష్కరణ నడిపిన రోజు వాళ్ల జ్ఞాపకంలో ఉంది. ఇది మతం మీద కాదు, అంతర్జాతీయ చట్టం కోసం అహింసాయుత పోరాటమని, దక్షిణాఫ్రికా వర్ణవివక్ష మీద జరిగిన బాయ్‌కాటే దీనికి నమూనా అని బీడీఎస్ వాళ్లు అంటారు. ఈ డిమాండ్లు చదవకుండా బీడీఎస్ లోగో డీపీగా పెట్టుకున్నవాళ్లూ, చదవకుండానే తిట్టేవాళ్లూ నాకు తెలుసు.

అసలు ఏదీ వద్దు, 2023 అక్టోబరు 7న హమాస్ దాదాపు 1,200 మందిని చంపి 251 మందిని ఎత్తుకెళ్లాక నేను ఇజ్రాయెల్ పక్షం అనేవాళ్లూ ఉంటారు. ఆ తర్వాతి యుద్ధంలో గాజాలో చనిపోయినవాళ్లు 60 వేలు దాటారని అక్కడి ఆరోగ్య శాఖ లెక్క, అందుకే నేను ఊరుకోలేను అనేవాళ్లూ ఉంటారు. మీ వాక్యం మీది. రాసుకున్నాకే రెండో అడుగు.

2. లిస్టు ఎవరు తయారు చేశారో చూడండి

పేరూ తేదీ లేని లిస్టును పక్కన పెట్టేయండి. దాని మీద సమయం దండగ.

పేరున్న లిస్టులు ప్రధానంగా రెండు. ఒకటి బీడీఎస్ జాతీయ కమిటీది. చాలామందికి తెలియని విషయం, ఈ లిస్టు చిన్నది. డజను, డజనున్నర పేర్లకు మించదు, అది కూడా కావాలనే. వంద కంపెనీల మీద వంద చిన్న దెబ్బలు వేస్తే ఎవరికీ తగలదు, పది మంది మీద పడితే తగులుతుందని వాళ్ల లెక్క. హెచ్‌పీ, ఇంట్లో సోడా చేసుకునే యంత్రాలమ్మే సోడాస్ట్రీమ్, కార్ఫూర్ సూపర్ మార్కెట్లు, షెవ్రాన్ చమురు కంపెనీ లాంటివి వాళ్లు ఏరి పెట్టుకున్నవి. మెక్‌డొనాల్డ్స్, డొమినోస్, కోకా-కోలా లాంటివి వేరే వరసలో ఉంటాయి. జనమే ముందు మొదలుపెట్టారు, మేం తర్వాత మద్దతిచ్చాం అని చెప్పే వరస అది.

రెండోది ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం జాబితా. సెటిల్‌మెంట్ల నిర్మాణం, నిఘా పరికరాలు, బ్యాంకింగ్, రవాణా వంటి కొన్ని పనులతో సంబంధమున్న కంపెనీల పట్టిక ఇది. 2020 ఫిబ్రవరిలో తొలిసారి వచ్చినప్పుడు 112 పేర్లు. 2023లో 97. 2025 సెప్టెంబరులో 158. ఎయిర్‌బీఎన్‌బీ, బుకింగ్ డాట్ కామ్, ఎక్స్‌పీడియా అందులో ఉన్నాయి. 2020లో ఉన్న జనరల్ మిల్స్ 2023 నాటికి బయటపడింది. ఇది బాయ్‌కాట్ పిలుపు కాదు. గాజా యుద్ధానికీ దీనికీ సంబంధం లేదు, సెటిల్‌మెంట్లకే పరిమితం. మొదటి అడుగులో మీరు సెటిల్‌మెంట్ల వాక్యం రాసుకుని ఉంటే మీకు కావలసింది ఇదే, వాట్సాప్ ఫోటో కాదు.

3. బార్‌కోడ్ పిచ్చిలో పడకండి

"729తో మొదలైతే ఇజ్రాయెల్ సరుకు, పక్కన పెట్టండి" అనే మెసేజ్ ఏటా రంజాన్ చంద్రుడితో పాటు వస్తుంది. సగం నిజం. బార్‌కోడ్‌లో మొదటి మూడంకెలు బార్‌కోడ్ నంబర్లిచ్చే జీఎస్1 అనే సంస్థ ఏ దేశపు శాఖలో కంపెనీ నంబరు తీసుకుందో చెబుతాయి. 729 ఇజ్రాయెల్‌ది, 890 మనది. సరుకు ఎక్కడ తయారైందో, డబ్బు ఎవరికి పోతుందో ఆ అంకెలు చెప్పవు. ఇజ్రాయెల్‌లో పండిన పండును బ్రిటన్ సూపర్ మార్కెట్ తన పేరుతో ప్యాక్ చేస్తే కోడ్ 50తో మొదలవుతుంది. అమెరికా కంపెనీ సరుకు మన దేశంలో తయారై 890తో ఉండొచ్చు.

చూడాల్సింది 'కంట్రీ ఆఫ్ ఆరిజిన్', 'ప్రొడక్ట్ ఆఫ్' అన్న వరస. యూరప్‌లో ఉన్నవాళ్లకు ఇంకో సౌకర్యం ఉంది. సెటిల్‌మెంట్‌లో తయారైన ఆహారం మీద ఇజ్రాయెల్ అని మాత్రమే రాస్తే చాలదని, సెటిల్‌మెంట్ అని కూడా రాయాలని ఐరోపా న్యాయస్థానం 2019 నవంబరు 12న తీర్పిచ్చింది. ఆ కేసు ప్సాగోట్ అనే సెటిల్‌మెంట్ ద్రాక్షసారా గురించి. బ్రిటన్‌లో 2009 నుంచే ఇలాంటి సలహా ఉంది: సెటిల్‌మెంట్‌దా, పాలస్తీనీయులదా విడివిడిగా రాయమని. అందరూ రాస్తారా అంటే, అది వేరే కథ. ప్రపంచంలో ఇన్ని భూవివాదాలుండగా లేబుల్ తలనొప్పి మాకే ఎందుకని ఇజ్రాయెల్ అడుగుతుంది.

4. లోగో వెనక ఉన్న కంపెనీని పట్టుకోండి

అసలు పని ఇక్కడే ఉంది. ఒకే బోర్డు కింద మూడు నాలుగు జేబులు ఉంటాయి.

మెక్‌డొనాల్డ్స్ సంగతి చూడండి. 2023 అక్టోబరులో ఇజ్రాయెల్ మెక్‌డొనాల్డ్స్ సైనికులకు వేల భోజనాలు ఉచితంగా పంచింది. ఆ ఫోటోలు ప్రపంచమంతా తిరిగాయి. పంచింది అమెరికా కంపెనీ కాదు, అలోన్యాల్ అనే స్థానిక ఫ్రాంచైజీ. దాని యజమాని ఒమ్రి పదాన్ ఇజ్రాయెల్ శాంతి ఉద్యమం 'పీస్ నౌ' స్థాపకుల్లో ఒకరు. సెటిల్‌మెంట్లలో కొట్టు పెట్టనని, 2013లో ఏరియల్ అనే సెటిల్‌మెంట్‌లో మాల్ కట్టినప్పుడు కూడా రానన్న మనిషి. అప్పుడు సెటిలర్లు ఆయన్ని తిట్టారు. పదేళ్ల తర్వాత అరబ్ ప్రపంచం తిట్టింది. అదే సమయంలో సౌదీ, కువైట్, మలేషియా ఫ్రాంచైజీలు "మాకూ వాళ్లకూ సంబంధం లేదు" అని ప్రకటించాల్సి వచ్చింది. కొన్ని గాజాకు విరాళాలూ ఇచ్చాయి. ఒకే బోర్డు, ఒకే బర్గరు.

మరి ఫ్రాంచైజీ చేసిన పనికి అమెరికా కంపెనీని అడగడం తప్పా? తప్పనలేం. రాయల్టీ పోయేది అక్కడికే. వ్యాపారం దెబ్బతిన్నదని 2024 జనవరిలో కంపెనీ సీఈవోనే ఒప్పుకున్నారు, తప్పుడు ప్రచారం వల్ల అని కూడా అన్నారు. 2024 ఏప్రిల్‌లో అలోన్యాల్ నుంచి 225 రెస్టారెంట్లూ తామే కొనేస్తున్నట్టు ప్రకటించింది. అంటే 2023లో "అది ఫ్రాంచైజీ" అన్న జవాబు ఇప్పుడు చెల్లదు. ఇప్పుడు అవి నేరుగా అమెరికా కంపెనీవే. లిస్టుకు తేదీ ఎందుకుండాలో ఈ ఒక్క ఉదాహరణ చాలు.

మన దగ్గర తెలుగు రాష్ట్రాలతో సహా దక్షిణాన మెక్‌డొనాల్డ్స్ నడిపేది ముంబైకి చెందిన వెస్ట్‌లైఫ్ అనే లిస్టెడ్ కంపెనీ. మీ బిల్లులో కొంత రాయల్టీగా అమెరికాకు పోతుంది. మిగతాది ఇక్కడి జీతాలు, అద్దెలు, బంగాళాదుంపలు.

స్టార్‌బక్స్ కథ ఇంకా చిత్రం. 2003లోనే ఇజ్రాయెల్‌లో దుకాణాలు మూసేసింది. 2023లో కార్మిక యూనియన్ పాలస్తీనాకు సంఘీభావంగా పెట్టిన పోస్టు మీద కంపెనీ కోర్టుకెళ్లింది. దాంతో జనం కోపం మొత్తం కాఫీ మీద పడింది. బీడీఎస్ కమిటీ తన లిస్టులో స్టార్‌బక్స్ లేదని చెప్పినా ఎవరూ వినలేదు. గల్ఫ్‌లో దాన్ని నడిపే అల్‌షాయా సంస్థ 2024 మార్చిలో 2,000 మందికి పైగా ఉద్యోగులను తీసేసింది. హైదరాబాద్‌లో మీరు తాగేది సగం టాటాలది.

కోక్ గురించి క్లుప్తంగా. ఇజ్రాయెల్‌లో ఫ్రాంచైజీ ఇచ్చినందుకు అరబ్ లీగ్ 1960ల చివర నుంచి 1991 దాకా కోక్‌ను నిషేధించింది. ఆ కాలమంతా గల్ఫ్‌లో పెప్సీ ఏలింది. ఇజ్రాయెల్‌లో కోక్ సీసాల్లో నింపి అమ్మే కంపెనీకి అతారోట్ సెటిల్‌మెంట్ పారిశ్రామికవాడలో కేంద్రం ఉందన్నది ఇప్పటి ఆరోపణ. అదే సమయంలో రామల్లాలో పాలస్తీనీయుల కంపెనీ ఒకటి కోక్ తయారు చేస్తుంది. గాజాలో 2016లో ప్లాంటు కూడా పెట్టింది. మన దగ్గర కోక్ మానేసి థమ్స్ అప్ తాగేవాళ్లకు ఒక మాట: 1993 నుంచి అదీ వాళ్లదే.

ఇదంతా ఎలా కనుక్కోవాలి? బిల్లు తీయండి. పైనో కిందో జీఎస్టీ నంబరు పక్కన కంపెనీ అసలు పేరు ఉంటుంది, బోర్డు మీది పేరు కాదు. ప్యాకెట్ వెనక 'మార్కెటెడ్ బై' చూడండి. ఆహారమైతే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు నంబరు ఉంటుంది, ఆ సంస్థ సైటులో కొడితే ఎవరిదో తెలుస్తుంది. ఆ పేరుతో వార్షిక నివేదిక వెతకండి. పది నిమిషాల పని. వంద లోగోలకు చేయలేరు కాబట్టి రెండు మూడిటికి చేయండి.

5. 'ఇజ్రాయెల్‌ది' అన్న ముద్ర ఇంకా ఉందో లేదో చూడండి

మన పొలాల్లోకే వెళ్దాం. డ్రిప్పు పైపులంటే చాలామంది రైతులకు నెటాఫిమ్ పేరు తెలుసు. 1965లో నెగెవ్ ఎడారిలో హత్సెరీమ్ అనే కిబ్బుట్జ్‌లో, అంటే సమష్టి వ్యవసాయ గ్రామంలో పుట్టింది. 2018 నుంచి అందులో 80 శాతం మెక్సికో కంపెనీది. మిగతా 20 కిబ్బుట్జ్‌ది. అదామా పురుగుమందుల సంగతి ఇంకా తమాషా. ఇజ్రాయెల్‌లో పుట్టింది, భారత ప్రధాన కార్యాలయం మన హైదరాబాద్‌లో, యాజమాన్యం చైనా ప్రభుత్వ సంస్థది. ఈ డబ్బాను ఏ దేశం లెక్కలో రాస్తారు?

మొదటి అడుగులోని మీ వాక్యమే జవాబు చెబుతుంది. ఇజ్రాయెల్ ఆర్థిక వ్యవస్థ మొత్తానికి ఒక్క రూపాయి పోకూడదనుకుంటే ఇవీ కుదరవు, అక్కడ ఉద్యోగులున్నారు, పన్నులు కడతారు. సెటిల్‌మెంట్లే మీ అభ్యంతరమైతే ఆ కంపెనీ అక్కడ ఏం చేస్తోందో చూడాలి, ఎక్కడ పుట్టిందో అనవసరం.

ఇంకో చేదు నిజం. ఇజ్రాయెల్ ఎగుమతుల్లో సగానికి పైగా హైటెక్ సరుకూ సేవలే. కిరాణా కొట్టులో కనిపించేది చాలా తక్కువ. హైదరాబాద్‌కు ఇజ్రాయెల్‌తో ఉన్న గట్టి ముడి కూల్‌డ్రింకు కాదు. ఎల్బిట్, రఫేల్ అనేవి ఇజ్రాయెల్ ఆయుధ కంపెనీలు. 2018లో మొదలైన అదానీ-ఎల్బిట్ డ్రోన్ల ఫ్యాక్టరీ, రఫేల్‌తో కలిసి క్షిపణి భాగాలు చేసే సంస్థ ఇక్కడే ఉన్నాయి. వాటి కొనుగోలుదారులు ప్రభుత్వాలు. మీ సరుకుల బుట్ట అక్కడిదాకా చేరదు. అది మీకు సమస్య అయితే దారి ఓటు, పిటిషన్, ఎంపీకి ఉత్తరం.

6. దెబ్బ ఎవరికి తగులుతుందో ముందే లెక్కేసుకోండి

సోడాస్ట్రీమ్ ఫ్యాక్టరీ వెస్ట్ బ్యాంక్‌లో మిషోర్ అదుమిమ్ అనే సెటిల్‌మెంట్ పారిశ్రామికవాడలో ఉండేది. 2014లో నటి స్కార్లెట్ జొహాన్సన్ దాని ప్రకటనలో కనిపించి, ఆ గొడవలో ఆక్స్‌ఫామ్ అనే సహాయ సంస్థ రాయబారి పదవి వదులుకున్నారు. ఆ ఏడాదే కంపెనీ ఫ్యాక్టరీ మూస్తున్నామంది. 2015లో గ్రీన్ లైన్ లోపల నెగెవ్‌కు మారింది. బాయ్‌కాట్ వల్ల కాదు, వ్యాపార కారణాలని కంపెనీ మాట. ఉద్యమకారులు విజయమన్నారు. పాత ఫ్యాక్టరీలో పనిచేసిన పాలస్తీనీయులు 500 మంది దాకా ఉండేవారు, దాదాపు అందరి పనీ పోయింది. 2018లో పెప్సికో ఆ కంపెనీని 320 కోట్ల డాలర్లకు కొంది.

ఇది గెలుపా ఓటమా? సెటిల్‌మెంట్ వదిలింది కాబట్టి గెలుపే అని ఒకరు, కూలీల నోటి కాడ కూడు పోయింది కాబట్టి ఓటమే అని ఒకరు. నా మటుకు నాకు రెండూ నిజమే. ఈ లెక్క వేసుకోకుండా దిగితే తర్వాత వచ్చే వార్త చూసి మీరే వెనక్కి తగ్గుతారు.

పాలస్తీనీయుల బతుకే ఇజ్రాయెల్‌తో ముడిపడి ఉంది. వాళ్లు వాడేది షెకెల్. 1994 నాటి పారిస్ ఒప్పందంతో రెండు ప్రాంతాల కస్టమ్స్ ఒకటే. 2023 అక్టోబరుకు ముందు లక్షన్నర దాకా పాలస్తీనీయులు ఇజ్రాయెల్‌లో, సెటిల్‌మెంట్లలో పనిచేసేవారు. సెటిల్‌మెంట్ సరుకు అమ్మకాన్ని 2010లో పాలస్తీనా ప్రభుత్వం నిషేధించింది, మిగతా ఇజ్రాయెల్ సరుకు రామల్లా కొట్లలో మామూలే. మొదటి ఇంతిఫాదా, అంటే పాలస్తీనీయుల తిరుగుబాటు రోజుల్లో, 1980ల చివర, బెత్లెహేం పక్కన బైత్ సహూర్ ఊరివాళ్లు ఇజ్రాయెల్ పాలు మానాలని 18 ఆవులు కొన్నారు. ఆ పాడి భద్రతకు ముప్పని సైన్యం ఆవుల కోసం వెతికింది, ఊరు వాటిని దాచింది. విదేశీ బట్టలు తగలబెట్టి రాట్నం పట్టుకున్న తాతల కథలు విన్న మనకు ఇందులో కొత్తేం లేదు: మానేయడం సగం పని, మరొకటి నిలబెట్టుకోవడం మిగతా సగం.

ఇక మందులు. టెవా ఇజ్రాయెల్ కంపెనీ. విదేశాల్లో మీ అమ్మగారి బీపీ మాత్ర దానిదైతే డాక్టరును అడగకుండా ఆపొద్దు. ఇది చర్చించే విషయం కూడా కాదు.

7. ఒకటో రెండో ఎంచుకుని, కంపెనీకి చెప్పి మానండి

మీరు కొనడం మానేసిన సంగతి కంపెనీకి తెలియకపోతే అది వాళ్ల లెక్కల్లో వర్షాకాలం మాంద్యం కింద పోతుంది. నాలుగు వాక్యాల ఉత్తరం రాయండి. ఏ పని మీద అభ్యంతరం, ఏం చేస్తే మళ్లీ వస్తారు, రెండూ ఉండాలి. ఇలా:

"నేను ఆరేళ్లుగా మీ సైటులో గదులు బుక్ చేసుకుంటున్నాను. వెస్ట్ బ్యాంక్ సెటిల్‌మెంట్లలోని ఇళ్లను మీరు అద్దెకు చూపిస్తున్నారు. వాటిని తీసేసేవరకు మీ సైటు వాడను. తీసేసిన రోజు నుంచి మళ్లీ వాడతాను."

తిట్లు వద్దు, చరిత్ర పాఠం వద్దు. కస్టమర్ కేర్‌లో చదివేది నెలకు పాతిక వేల జీతం మీద పనిచేసే కుర్రాడు.

ఒత్తిడి రెండు వైపుల నుంచీ వస్తుందని గుర్తుపెట్టుకోండి. ఎయిర్‌బీఎన్‌బీ 2018 నవంబరులో సెటిల్‌మెంట్లలోని 200 దాకా ఇళ్లు తీసేస్తామంది. అమెరికాలో కేసులు పడ్డాయి. 2019 ఏప్రిల్‌లో మాట వెనక్కి తీసుకుంది. బెన్ అండ్ జెర్రీస్ ఐస్‌క్రీమ్ 2021 జులైలో ఆక్రమిత ప్రాంతాల్లో అమ్మం అంది. కొన్ని అమెరికా రాష్ట్రాలు దాని అప్పటి యజమాని యూనిలీవర్ నుంచి పింఛను నిధుల పెట్టుబడులు వెనక్కి తీసుకున్నాయి. 2022లో యూనిలీవర్ ఇజ్రాయెల్ వ్యాపారాన్ని అక్కడి లైసెన్సుదారుకే అమ్మేసింది, అమ్మకాలు కొనసాగాయి. మరోవైపు జోర్డాన్‌లో కార్ఫూర్ దుకాణాలు 2024 నవంబరులో మూతపడి వేరే పేరుతో తెరుచుకున్నాయి.

8. మనుషుల జోలికి పోకండి

బాయ్‌కాట్ అనే మాటే ఒక మనిషి పేరు. 1880లో ఐర్లండ్‌లోని మేయో కౌంటీలో కెప్టెన్ చార్లెస్ బాయ్‌కాట్ అనే భూస్వామి ఏజెంటుకు కౌలు రైతులు పని చేయలేదు, సరుకు అమ్మలేదు, మాట్లాడలేదు. తెలుగులో దానికి సరైన మాట 'వెలి'. మన ఊళ్లలో వెలి ఎవరి మీద పడిందో, రేషనూ నీళ్లూ కూలీ ఎవరికి బంద్ అయ్యాయో మనకు తెలుసు. బహిష్కరణ బలవంతుడి మీద ఒకలా, బలహీనుడి మీద ఇంకోలా పనిచేస్తుంది. బర్గర్ అమ్మే కుర్రాడు ఇందులో బలవంతుడు కాదు. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్‌లో కేఎఫ్‌సీల మీద గుంపులు దాడులు చేశాయి. ఆ రోజుల్లోనే ఒక ఉద్యోగి తుపాకీ కాల్పుల్లో చనిపోయాడు.

ఇజ్రాయెల్ వేరు, యూదులు వేరు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిమ్ అనే చిన్న సమూహం ఉంది. యూదు ఆచారాలు పాటిస్తారు, ఇంట్లో తెలుగే. గాజాలో పడే బాంబుకు వాళ్లు జవాబుదారులు కారు. హమాస్ చేసినదానికి మీ వీధిలో ఖర్జూరం అమ్మే ముస్లిం సోదరుడూ కాడు. ఈ గీత చెరిపే మెసేజ్ వస్తే, అది ఏ వైపు నుంచి వచ్చినా అక్కడే డిలీట్ చేయండి.

9. మీరున్న చోట చట్టం

మన దేశంలో ఫలానా సరుకు ఎందుకు కొనవని అడిగే చట్టం లేదు. కంపెనీ మీద రుజువు లేని ఆరోపణ ప్రచారం చేస్తే మాత్రం పరువు నష్టం కేసు పడొచ్చు. మలేషియాలో మెక్‌డొనాల్డ్స్ ఫ్రాంచైజీ స్థానిక బీడీఎస్ సంస్థ మీద 60 లక్షల రింగిట్ల దావా వేసి, 2024 మార్చిలో వెనక్కి తీసుకుంది.

అమెరికాలో 35కి పైగా రాష్ట్రాల్లో బాయ్‌కాట్ వ్యతిరేక చట్టాలో, ఉత్తర్వులో ఉన్నాయి. కొనుక్కునేవాళ్ల మీద కాదు, ఎక్కువగా రాష్ట్ర ప్రభుత్వంతో కాంట్రాక్టు చేసుకునేవాళ్ల మీద. 2017లో టెక్సస్‌లోని డికిన్సన్ ఊళ్లో తుపాను సాయం దరఖాస్తులో కూడా 'ఇజ్రాయెల్‌ను బాయ్‌కాట్ చేయను' అన్న వరస పెట్టి నవ్వుల పాలయ్యారు, తర్వాత తీసేశారు. 2019 నుంచి అక్కడి చట్టం పదిమంది, ఆపైన పూర్తికాల ఉద్యోగులున్న కంపెనీలకు, లక్ష డాలర్లూ ఆపైన కాంట్రాక్టులకు వర్తిస్తుంది. డాలస్‌లో ఐటీ కన్సల్టెన్సీ నడుపుతూ ప్రభుత్వ ప్రాజెక్టులు తీసుకునే మనవాళ్లు సంతకం పెట్టే ముందు ఆ పేజీ చదవాలి. ఫ్రాన్స్‌లో బాయ్‌కాట్ పిలుపు ఇచ్చినవాళ్లకు వేసిన శిక్ష భావప్రకటన స్వేచ్ఛకు విరుద్ధమని 2020 జూన్‌లో ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం అంది.

ఇజ్రాయెల్‌లో 2011 చట్టం ప్రకారం బాయ్‌కాట్ పిలుపునిచ్చినవాళ్ల మీద పరిహారం దావా వేయొచ్చు. అలాంటి విదేశీయులను దేశంలోకి రానివ్వకుండా ఆపే సవరణ 2017లో వచ్చింది. అక్కడ వృద్ధుల సంరక్షణ పనిలో మన తెలంగాణ వాళ్లు చాలామంది ఉన్నారు. ఇంట్లో ఎవరైనా వెళ్లే ప్రయత్నంలో ఉంటే వాళ్ల ఫేస్‌బుక్‌ను ఈ గొడవలోకి లాగకండి.

10. ఆర్నెల్లకోసారి లిస్టు తిరగేయండి

ప్యూమా 2018 నుంచి ఇజ్రాయెల్ ఫుట్‌బాల్ సంఘానికి స్పాన్సర్. ఒప్పందం పొడిగించబోమని 2023 డిసెంబరులో తెలిసింది, దానికీ బాయ్‌కాట్‌కీ సంబంధం లేదని కంపెనీ అంది. కారణం ఏదైనా డిమాండ్ తీరింది. అయినా ప్యూమా లోగో ఉన్న పాత ఫోటో ఇంకా తిరుగుతూనే ఉంది. అడిగింది జరిగాక కూడా కొనకపోతే ఇంకోసారి ఏ కంపెనీ మీ మాట వినదు. ఫోన్‌లో ఒక నోట్ పెట్టుకోండి: కంపెనీ పేరు, ఏం చేసింది, ఎప్పుడు చూశారు, ఏం చేస్తే ఆపుతారు. నాలుగు గడులు చాలు.

మా తమ్ముడు ఆ సాయంత్రం ఇంత పురాణం వినలేదు. "అక్కా, ఇఫ్తార్ టైమ్ అయిపోతోంది, టెన్షన్ పెట్టకు" అని పెట్టె యథాస్థానంలో పెట్టేసి పక్కనున్న ట్యునీషియా ఖర్జూరం తీసుకున్నాడు. ఈసారి తనే వెనక్కి తిప్పి చూపించాడు. ప్రొడక్ట్ ఆఫ్ ట్యునీషియా. బార్‌కోడ్ మాత్రం 50తో మొదలైంది.